గెలిచినవైపు ఓటు

మార్చి రెండో సోమవారం సాయంత్రం ఆరింటికి బోర్డు మీటింగు మొదలైంది. మా బడిలో వేరే హాలు లేదు. లైబ్రరీలో చిన్నపిల్లల కుర్చీల మీదే కూర్చుంటాం. బోర్డులో అయిదుగురం. ఆ రోజు నలుగురమే ఉన్నాం. అయిదోవాడు కర్టిస్, తన కొట్టంలో రెండు ఆవులు ఒకేసారి ఈనేలా ఉన్నాయని, రాలేనని ఫోను చేశాడు.

ఆ రోజు తేల్చాల్సింది ఒక్కటే, బడి వంటగది ఉంచాలా మూసెయ్యాలా అని. జిమ్ము పైకప్పు కారుతోంది. ఈ వేసవిలో బాగు చేయించక తప్పదు. వంటగదిలో గిన్నెలు కడిగే యంత్రం పాడైపోయింది. రెండింటికీ డబ్బు చాలదు. పక్క ఊరి బడివాళ్లు తమ దగ్గర వండి, రోజూ వ్యానులో పంపిస్తామన్నారు. సరేనంటే జూన్ తర్వాత మాకు వంటమనిషితో పనుండదు.

ఆ వంటమనిషి ఆర్డిస్. పంతొమ్మిదేళ్లుగా మా పక్కిల్లు. నాకు ఆపరేషనైనప్పుడు పదిరోజులు మా ఇంట్లో వండింది ఆవిడే. వాళ్లాయన చనిపోయిన ఏడాది చలికాలమంతా ఆమె వాకిట్లో మంచు ఎత్తింది నేను.

మీటింగులో ఊరివాళ్లెవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆర్డిస్ లేచి నిలబడింది. బోర్డు అధ్యక్షుడు రోలాండ్ బల్ల మీద గుడ్లు ఉడికేటప్పుడు నిమిషాలు చూసుకునే చిన్న గడియారం పెట్టాడు. ఒకప్పుడు కలప లారీలు నడిపిన మనిషి, నవ్వకుండా హాస్యమాడతాడు.

"మూడు నిమిషాలు ఆర్డిస్. గుడ్డు మెత్తగానే ఉంటుంది."

"నీలాంటి గట్టి గుడ్డుకి మూడు గంటలైనా చాలవులే," అంది ఆర్డిస్. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"సోమవారంనాడు రెండుసార్లు వడ్డించుకునే పిల్లలు పదకొండు మంది ఉన్నారు. శనాదివారాలు వాళ్లింట్లో ఏం తిన్నారో నేనడగను. అడక్కుండానే గరిటె నిండా పెడతాను. వ్యాను తెచ్చే డబ్బాలు లెక్క ప్రకారం వస్తాయి. నేను చెప్పాల్సింది ఇంతే. మిగతా రెండు నిమిషాలూ మీరే ఉంచుకోండి."

కూర్చుంటూ నా వైపు చూసింది. నేనున్నాను కదా అన్న చూపు అది.

వాయిదా వేద్దామన్నాను. కర్టిస్ వచ్చాక, యంత్రానికి ఇంకో ధర కనుక్కున్నాక తేల్చుదామన్నాను. ఎవరూ బలపరచలేదు. వెండెల్‌కి మందుల దుకాణముంది, ఏదైనా ఆ రోజుకారోజు ముగించేయాలంటాడు. నా ఎదురుగా కూర్చున్న గెయిల్ మాత్రం కాగితాలు అటూ ఇటూ తిప్పుతోంది. రిటైరైన లెక్కల టీచరు ఆమె. మనసు కుదరనప్పుడు అలాగే తిప్పుతుంది.

మా బోర్డు నిబంధనల్లో ఒకటుంది. ఓటు పడి తీర్మానమయ్యాక దాన్ని తర్వాతి మీటింగులో మళ్లీ కదపాలంటే, గెలిచినవైపు ఓటేసినవాళ్లే కదపాలి. ఓడినవాళ్లకి ఏడాదిదాకా ఆ హక్కు లేదు. లేకపోతే ఓడినవాళ్లు ప్రతిసారీ అదే పాట పాడుతుంటారని పెద్దలు పెట్టారు.

వంటగది మూసెయ్యడానికి మిగతా ముగ్గురూ 'సరే' అనేలా ఉన్నారు. నేను 'వద్దు' అంటే మూడుకి ఒకటి. ఓడిపోతాను, ఇక ఏడాదిదాకా నోరెత్తడానికి వీల్లేదు. 'సరే' అంటే తర్వాతి మీటింగులో నేనే మళ్లీ కదపొచ్చు. పదిహేను రోజుల్లో కర్టిస్ ఉంటాడు, గెయిల్ చేతికి ఏదైనా అంకె ఇవ్వగలను. ఇదంతా నా బుర్రలో రోలాండ్ మా పేర్లు పిలిచేంతసేపట్లో తిరిగింది.

"వెర్నా?"

"సరే," అన్నాను.

రోలాండ్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆర్డిస్ కోటు తొడుక్కుని, గుండీలన్నీ నిదానంగా పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయన డేల్‌కి చెప్పాను. రొట్టె నములుతూ విని, "ఆర్డిస్‌కి చెప్పావా మరి?" అన్నాడు.

"చెప్తే పొద్దున్నే బడిలో అందరికీ తెలిసిపోతుంది. ముందే ఎత్తు వేసుకొచ్చానని తెలిస్తే గెయిల్ బిగుసుకుపోతుంది. పదిహేను రోజులేగా."

"నీకు పదిహేను రోజులే," అన్నాడు.

ఆ రోజుల్లో నేను తిరగని చోటు లేదు. సరస్సు పక్కన మూతపడ్డ హోటల్లో గిన్నెలు కడిగే యంత్రముందని విని వెళ్లి చూశాను. మూడేళ్లు వాడింది, కొత్తదాని ధరలో నాలుగోవంతుకి ఇస్తామన్నారు. పక్క ఊరి బడికి ఫోను చేసి అడిగాను, "మంచుకి మీ బడి మూసినరోజు మా పిల్లలకి అన్నం ఎలా?" అని. ఆ రోజు వ్యాను రాదంది అటువైపు ఆవిడ. కొండదారి వాళ్లది, మాకంటే ముందే మూసేస్తారు. పోయిన చలికాలం వాళ్లు మూసి మేము తెరిచిన రోజులు ఆరు. వ్యాను మీదే ఆధారపడి ఉంటే ఆ ఆరు రోజులూ మా నూట ముప్ఫై మంది పిల్లలకి తిండి ఉండేది కాదన్నమాట. నాకు కావలసిన అంకె దొరికింది.

ఆర్డిస్ మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా పక్కకి తప్పుకునేది. ఒకసారి కూరగాయల కొట్లో ఎదురుగా వచ్చింది. బంగాళాదుంపలు ఏరుతున్న ముసలాయనతో, "జరగండి బాబూ, బోర్డు మెంబరుగారికి దారివ్వండి," అంది.

"ఆర్డిస్, కొంచెం ఓపిక పట్టవే," అన్నాను.

"పట్టాను. పంతొమ్మిదేళ్లు పట్టాను," అని డబ్బులిచ్చి వెళ్లిపోయింది.

అప్పుడైనా వెంటపడి చెప్పాల్సింది. ఇంకా వారమే ఉందనుకున్నాను.

నెలాఖరు సోమవారం మళ్లీ కూర్చున్నాం. ఈసారి కర్టిస్ వచ్చాడు. వంటగది తీర్మానాన్ని మళ్లీ చర్చకి తీసుకోవాలని కోరాను.

"గెలిచినవైపు ఓటేసినవాళ్లే కదా అడగాలి," అన్నాడు వెండెల్.

"వేసిందిగా," అన్నాడు రోలాండ్. నా వంక చూసి తల పంకించాడు. "అప్పుడు 'సరే' అన్నది ఇందుకా వెర్నా? నీతో పేకాట ఆడకూడదు."

యంత్రం ధర చెప్పాను. ఆరు రోజుల సంగతి చెప్పాను. గెయిల్ పెన్సిలు తీసి తనే లెక్కేసుకుంది. "ఇది మొన్ననే ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అంది ఎవరి వైపూ చూడకుండా. మూడుకి రెండుతో వంటగది నిలిచింది. కర్టిస్ బల్ల కింద నా మోకాలు తట్టాడు.

"చివరి పేజీ. సిబ్బంది విషయాలు," అన్నాడు రోలాండ్. "ఒక రాజీనామా ఉంది."

శుక్రవారమే నలభై పేజీల మీటింగు కాగితాల కట్ట ఇంటికొచ్చింది. అందులో వంటగది పేజీలు తప్ప నేనేమీ చూడలేదు. ఇప్పుడు తిప్పి చూశాను. ఆర్డిస్ ఉత్తరం నాలుగు వాక్యాలే ఉంది. జిల్లా ఆసుపత్రి వంటశాలలో చేరుతున్నానని, మేలో వదిలిపెట్టమని రాసింది. తారీఖు చూస్తే కూరగాయల కొట్లో మేం ఎదురుపడిన మర్నాడు.

"దీన్ని ఒక నెల పక్కన పెడదామా?" అన్నాడు కర్టిస్. "ఉద్యోగం ఉందని తెలిస్తే మనసు మార్చుకుంటుందేమో."

"ఆమెని అడక్కుండానే?" అంది గెయిల్.

అందరూ నా వంకే చూశారు. ఆమె తరఫున, ఆమెకి చెప్పకుండా నేనొకసారి నిర్ణయం తీసుకున్నాను. రెండోసారి ఆ పని చెయ్యలేకపోయాను. రాజీనామా ఒప్పుకోవాలని నేనే తీర్మానం పెట్టాను. అయిదుగురం చేతులెత్తాం.

బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఇంటికి పోకుండా ఆర్డిస్ వాకిలికి వెళ్లాను. తలుపు తట్టకముందే తీసింది.

"రోలాండ్ ఫోను చేశాడు," అంది. "గెలిచావటగా."

"ఆసుపత్రివాళ్లకి రానని చెప్పెయ్యవే. నీ ఉద్యోగం నీకుంది."

"మాటిచ్చాను. వాళ్లు ఇంకో మనిషిని వద్దని పంపేశారు నాకోసం." తలుపు చెక్కకి ఆనుకుంది. "ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా వెర్నా."

"చెప్తే దాచేదానివా?"

ఆలోచించింది. అబద్ధమాడే మనిషి కాదు. "దాచేదాన్ని కాదు. మర్నాడు పాలు కాగేలోగా అందరికీ చెప్పేసేదాన్ని."

"మరి?"

"దాచనని తెలిసి కూడా చెప్పాల్సింది. వంటగది పోతే పోయేది. ఆ సాయంత్రం నేను లేచొచ్చేసింది వంటగది పోయినందుకు కాదు."

వీధిలో మంచు కరిగి కాలవలోకి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కొత్తమనిషిని ఎప్పుడు తీసుకుంటారు?" అంది.

"మేలో."

"ఎవరొచ్చినా ఆ ఓవెన్ గురించి చెప్పేవాళ్లుండరు. ఎడమవైపు ఎక్కువ కాలుతుంది. పళ్లేలు సగంలో తిప్పాలి. రాసుకో."

ఎజెండా కాగితం వెనక్కి తిప్పి గోడకి ఆనించి రాసుకున్నాను. సోమవారం పదకొండు మంది పేర్లు చెప్పింది. పాలు పడనివాళ్లు ముగ్గురి పేర్లు చెప్పింది. బీన్సు సూపులో ఉప్పు చివర్లో వెయ్యమంది. చీకటి పడుతోంది, అక్షరాలు సరిగ్గా కనిపించడం లేదు. ఆమె చెయ్యి చాపి వాకిట్లో దీపం వేసింది. చెప్తూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.