నన్ను ఊరు దాటించిన రోజు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. ఈ సంగతి మొత్తం విని, కోపం రావాలో వద్దో మీరే చెప్పండి.

మిర్యాలగూడలో మేముండేది రైసు మిల్లుల పక్కన. పొద్దున ఆరేసిన చీర మీద సాయంత్రానికి ఊక బూడిద పడి ఉంటుంది. నిరుడు అక్కడే ఆరో నెలలో నా కడుపు పోయింది. ఈసారి డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది. "పోయినసారి పొగ వల్లే పోయిందని నేననను. కానీ పొగ, బూడిద కడుపులో బిడ్డకు మంచివి కావు. బరువు సరిగా పెరగకపోవచ్చు, నెలలు నిండకముందే కాన్పు రావచ్చు. కుదిరితే కాన్పు దాకా వేరే చోట ఉండు." మా ఆయన ఉపేందర్ పనిచేసేది మిల్లులోనే. తాను కదలలేక నన్ను చివ్వెంల దగ్గరున్న మా అమ్మగారింటికి పంపాడు.

వచ్చిన రోజే అందరికీ చెప్పేశాను. కట్టెలతో నీళ్లు కాచే పొయ్యిని అమ్మ దొడ్డి చివరికి మార్చింది, గొణుక్కుంటూనే. "మేం పొగల ఉండే కన్నం మిమ్ముల" అంది. నేను ఊరుకుంటానా, "అందుకే నీకు ఆ దగ్గు" అన్నాను.

అసలు భయం పొలంతోనే. మా ఇంటి వెనకే ఉంటుంది. మిషన్ వరి కోసి వెళ్లిపోయింది, గడ్డి అంతా మడుల్లోనే పడి ఉంది. ప్రతి ఏడూ దానికి నిప్పు పెట్టి, దున్ని, యాసంగి నాట్లు వేస్తారు. మా అన్న సతీష్‌ను కూర్చోబెట్టి అడిగాను. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

"నువ్వు కనేదాంక మన పొలంల అగ్గిపుల్ల గియ్య చెల్లె. గడ్డి కట్టలు కట్టే మిషన్‌ను మాట్లాడిన. అది రాకుంటే గొర్లను తోల్త."

నమ్మాను. ఆ రోజు నుంచి కంటి నిండా నిద్రపోయాను.

ఏడో నెల నడుస్తుండగా ఒక మంగళవారం పొద్దున్నే అమ్మ తొందర పెట్టింది. "ఉషారాణి ఫోన్ జేసింది బిడ్డా. నీ స్కానింగు ఇయ్యాల్నేనట. సూర్యాపేట పోదాం, నడువు." ఉషారాణి మా ఊరి ఆశా కార్యకర్త. స్కానింగ్‌కు ఇంకా వారం ఉందని నాకు గుర్తు. కానీ కన్నతల్లి చెబితే అనుమానిస్తామా? మూతికి మాస్కు కట్టుకుని బస్సెక్కాను.

దవాఖానలో చీటీలు రాసే అమ్మాయి నా ఫైలు తిప్పి చూసి, "మీది వచ్చే మంగళవారం" అంది. అమ్మ వైపు తిరిగాను. ఆమె గోడ మీది పాప బొమ్మను చూస్తోంది.

"ఉషారాణే తప్పు జెప్పినట్టుంది. వచ్చినం గదా, గాజులు కొనుక్కొని, హోటల్ల తిని, సల్లగ పోదాం."

నాకు బుద్ధి తెలిశాక అమ్మ నోట హోటల్ మాట వినడం అదే మొదలు. అక్కడే ఉషారాణికి ఫోన్ చేశాను.

"నేనెందుకు జేస్త నవనీతా? నీ డేటు వచ్చే వారం గదా."

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినలేదు, తిరుగు బస్సెక్కాను. ఊరు రాకముందే కిటికీలోంచి పొగ కనిపించింది. దిగి నాలుగడుగులు వేశాక తెలిసింది, అది మా ఇంటి వెనకే. సతీష్ కర్రతో గడ్డిని మంటలోకి తోస్తున్నాడు. మమ్మల్ని చూడగానే వాడు మాట్లాడింది నాతో కాదు, అమ్మతో.

"గింత జల్ది ఎందుకు తోలుకొచ్చినవే?"

కొంగు మాస్కు మీద అదుముకుని నిలబడ్డాను.

"మిషన్ రాలే చెల్లె. కాలువ నీళ్లొచ్చినయ్, నారు ముదురుతున్నది" అన్నాడు వాడు దగ్గరికొచ్చి. "నువ్వు లేనప్పుడు కాలిస్తే నీకేమైతది? పొద్దుగూకేసరికి పొగ ఖతం. బావను గూడ అడిగిన."

బావను కూడా. ఉపేందర్‌కు ఫోన్ చేశాను.

"నిన్ను ఊర్ల లేకుంట సూడుమన్న. నీ మంచికే గదా. నీకు జెప్తే ఒప్పుకుంటవా?"

ఒప్పుకోను. అది తెలిసే కదా చెప్పలేదు. ముగ్గురూ కూర్చుని నా మంచి మాట్లాడుకున్నారు. ఊపిరి పీల్చేది నేను, కడుపు నాది, నన్నొక్కదాన్నే అడగలేదు. పగవాళ్లయితే నోటికొచ్చినట్టు తిట్టి పోసేదాన్ని. వీళ్లను ఏమని తిట్టాలో తెలియక ఏడుపొచ్చింది.

ఇంట్లో మంచం మీద కూడా మసి రాలి ఉంది. బట్టలు సర్దుకుని ఆటో పిలిచాను. అమ్మ ఏడుస్తూ అదే ఆటో ఎక్కింది. సూర్యాపేట వచ్చేదాకా బిడ్డ కదిలినట్టే అనిపించలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

నర్సు కడుపు మీద మిషన్ పెట్టింది. కాసేపటికి గుండె చప్పుడు వినిపించింది. "బాగనే ఉంది, ఏడ్వకు. రెండు రోజులు ఈడనే ఉండి సూసుకుందాం" అని కాగితం నింపడం మొదలుపెట్టింది.

"నీ వెంట ఎవరమ్మా? నీకేమన్న అయితే మేం ఎవరినడగాలె?"

అమ్మ ముందుకొచ్చింది. "నేనే, తల్లిని. నాంచారమ్మ అని రాయి బిడ్డా."

నర్సు రాయబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ పేరు రాయకు సిస్టర్. ఏదన్న ఉంటే నన్నే అడుగు."