మొదలు నీది, ఆఖరు నాది

సినిమా హాలు లేడీస్ గేటు దగ్గర గంగమణి టికెట్లు చింపుతోంది. సగం ముక్క చేతికిచ్చి, సగం డబ్బాలో వేస్తోంది. ఎడమ మోకాలు వాచింది. బరువంతా కుడికాలి మీద వేసి, భుజం గోడకు ఆనించి నిలబడింది. చూపు మాత్రం టికెట్ల మీద లేదు, బోధన్ బస్టాండు వైపు రోడ్డు మీదుంది. మ్యాట్నీ బెల్లు కొట్టబోతున్నా మాసూమా జాడ లేదు.

"రాకపోతే పోనీ, నాకేం?" అని గొణుక్కుంది. మళ్లీ రోడ్డే చూసింది.

ఆఖరికి మాసూమా వచ్చింది. మోచేతుల దగ్గర వెలిసిన బురఖా, చంకలో రెగ్జిన్ బ్యాగు.

"సామాను పట్టుకొని మా ఆయన బస్టాండ్ల కూసున్నడు. సాయంత్రం హైదరాబాద్ బస్సుకు పోతున్నం" అంది రొప్పుతూ.

"తెలుసు తియ్. లోపలికి నడువ్, మొదలైపోతది."

మాసూమా కూతురు రిజ్వానాకు హైదరాబాద్‌లో బ్యాంకు కొలువు. కాన్పు సెలవు అయిపోయింది, పసిపిల్లను చూడటానికి మాసూమా ఇక అక్కడే ఉంటుంది. ఈ మాట నెల కిందటే తెలుసు. అయినా గంగమణికి పొద్దుటి నుంచి ఒకచోట కాలు నిలవడం లేదు.

ఇన్నేళ్లుగా ఇద్దరికీ కలిపి ఒకటే సినిమా. గేటు వదిలి వచ్చేసరికి గంగమణికి మొదలు పోతుంది. ఇంట్లో టీ వేళకు లేచిపోవాలి గనక మాసూమాకు ఆఖరు పోతుంది. మొదలు మాసూమా చెవిలో చెబుతుంది. ఆఖరు గంగమణి మర్నాడు పొద్దున వాళ్ల గడప దగ్గర నిలబడి చెబుతుంది.

గంగమణి గేటు మూసి వచ్చి, మాసూమా పక్కన, తలుపు దగ్గరి మూల సీటులో కూర్చుంది. ఆ సీటు స్ప్రింగు విరిగితే, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో మాసూమానే చిన్న దిండు కుట్టి వేసింది.

"ఏమాయె ఆపా?" అని మాసూమాను అడిగింది.

"ముగ్గురు ఆడిపిల్లలు దోస్తులు. బండ్ల మీద ఊర్లు తిరిగిండ్రు. ఒకామె మస్తు నవ్విచ్చింది."

"గామె ఏది మరి?"

"హీరోయిన్ పెండ్లి కాంగనే కనవడ్తలేదు."

"సినిమాల దోస్తులు గంతే! పెండ్లి బువ్వ తిని మాయమైతరు" అంది గంగమణి. అని, పక్కకు చూడలేకపోయింది.

తెర మీద హీరోయిన్ మొగుడితో కొట్లాడింది. కొలువు వదలనంది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు, గంగమణి కూడా కొట్టింది. హీరోయిన్ కారెక్కి పోయింది. వెనక అరుగు మీద ఒక పెద్దామె పిల్లను ఎత్తుకుని ఊపుతోంది. రెప్పపాటులో ఆ బొమ్మ పోయింది.

"గా పిల్లనెత్తుకున్నామె ఎవరాపా? మొదట్ల చూపెట్టిండ్రా?"

"లేదు." మాసూమా బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. "గామె నేనే, గంగమణీ."

గంగమణికి ఒళ్లు మండింది. "నిన్నెవలన్న అడిగిండ్రా? నీ కుట్టుమిషన్ ఏమాయె?"

"అమ్మేసినం. బిడ్డను కొలువు మానెయ్యమంటనా? మిషను తొక్కే చదివిచ్చిన."

"గీ ఒక్కరోజన్న ఆఖరుదాంక కూసో."

"బస్సు ఆగదు గదా."

మాసూమా లేచింది. గంగమణి పక్క తలుపు తీసింది. ఎండ లోపలికి పడి తెర తెల్లబడింది. "తలుపెయ్!" అని జనం అరిచారు. మాసూమా గంగమణి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

"ఆఖరు ఫోన్ల చెప్పు."

"చెప్తలే, పో."

తలుపు మూసి గంగమణి నిలబడే చూసింది. హీరోయిన్‌కు పెద్ద సభలో సన్మానం. మొగుడు ముందు వరుసలో కూర్చున్నాడు, ఒళ్లో పిల్ల. పెండ్లి తర్వాత మాయమైన దోస్తు కూడా వచ్చి ఫోటో దిగింది. గంగమణి మెడ చాచి వరుస వరుస వెతికింది. పెద్దామె లేదు. లైట్లు వెలిగినా ఇంకా తెర వైపే చూస్తోంది.

"అక్కా, తలుపులు తీస్తవా లేదా!" అని జనం కేకలేస్తే ఉలిక్కిపడి గడియ తీసింది.

హాలు ఖాళీ అయ్యాక ఫోన్ మోగింది. అవతల బస్సు ఇంజను చప్పుడు.

"అయిపోయిందా? గా పిల్లనెత్తుకున్నామె మళ్ల వచ్చిందా?"

గంగమణి గొంతు సవరించుకుంది. "వచ్చిందాపా. పట్టుచీర కట్టి ముందట్నే కూసుంది. హీరోయిన్ కిందికి దిగొచ్చి శాలువా తీసి ఆమెకే కప్పింది. అందరు లేసి నిలబడ్డరు."

"అచ్ఛా..." అంది మాసూమా.

ఇన్నేళ్లలో గంగమణి కథ మార్చి చెప్పడం ఇదే మొదటిసారి. ఫోన్ కొంగులో ముడేసుకుని చీపురు అందుకుంది. వరుసలన్నీ ఊడ్చి మూలకు వచ్చింది. విరిగిన స్ప్రింగు సీటు మీద, రంగురంగుల జాకెట్ ముక్కల దిండు ఉంది.