పైలట్ బండి

మా తమ్ముడికి పత్రికలవాళ్ళు పెట్టిన పేరు ‘నీడ’. పరుగంతా ఎవడో ఒకడి వెనకే నక్కి, చివరి అడ్డం దాటాక వాణ్ణి మింగేసి ముందుకెళ్ళిపోతాడని. స్టీపుల్‌ఛేజ్‌లో అంటే అడ్డాలు దూకుతూ పోయే పరుగులో పదేళ్ళుగా వాడే ఛాంపియన్. నాకు పేరు పెట్టింది మైదానంలో కుర్రాళ్ళు. పైలట్ బండి అంటారు, మంత్రిగారి కారు ముందు కూతపెట్టుకుంటూ పోయే బండిలాగా. పోటీలో మొదటి సగం నేను ముందుండి వేగం పట్టిస్తాను. తరవాత లోపలి గడ్డి మీదికి తప్పుకుంటాను. అక్కడితో నా పని సరి, గెలుపు వాడిది.

నాకేం కడుపుమంట లేదు. తెల్లారి తమ్ముడి ముందు పరుగు, పగలంతా లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు. ఆ నిప్పురవ్వలకి నీ కళ్ళు పోతాయిరా అని అమ్మ రోజూ నన్నే సతాయిస్తుంది.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట. మామూలు హర్డిల్ కాలికి తగిలితే అది పడిపోతుంది. మా అడ్డం బరువైన దూలం. తగిలితే అది పడదు, మనమే పడతాం. ఒకదాని వెనకైతే నీళ్ళ గుంట కూడా ఉంటుంది.

నిరుటినుంచి తమ్ముడి తీరు మారింది. వీధిలో తెలిసినవాళ్ళు ఎదురైనా పలకరించకుండా పోయేవాడు. ఛాంపియన్ కదా, కళ్ళు నెత్తికెక్కాయి అని పక్కింటి టైలరు అమ్మ మొహం మీదే అనేశాడు. ఇంట్లో బల్లకి మోకాలు కొట్టుకునేవాడు, పక్కనున్న గ్లాసు ఒలకబోసేవాడు. ఒకరోజు ప్రాక్టీసులో నేను సరదాకి అడ్డం లేనిచోట ఎగిరాను. వెనక వాడూ ఎగిరాడు. నవ్వబోయి ఆగిపోయాను.

ఆ సాయంత్రం గట్టిగా అడిగితే, కొంచెం మసకగా ఉంది, అడ్డాలు బాగానే కనిపిస్తున్నాయి అన్నాడు. డాక్టరు దగ్గరికి పద అంటే ఎంపిక పోటీ అయ్యాక వెళ్దామన్నాడు. పెద్ద పోటీల జట్టులో చోటు వాడికి రెండుసార్లు చేతిదాకా వచ్చి గాయాలవల్ల జారిపోయింది. ముప్పై దాటిన కాళ్ళు, ఇక ఇదే ఆఖరు. మాకు శిక్షణ ఇచ్చే మాస్టారికి తెలిస్తే పరిగెత్తనివ్వరని, అమ్మకి చెబితే మాస్టారికి చెప్పినట్టేనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

పథకం ఎప్పటిదే. నేను తప్పుకునే వేళకి ఇంకెవడో ఒకడు ఉబలాటపడి ముందుకొస్తాడు. తమ్ముడు వాడి వీపు పట్టుకుని చివరి అడ్డం దాకా వెళ్తాడు. అక్కడినుంచి గీత దాకా దూకడానికేం ఉండదు, వట్టి పరుగే.

ఎంపిక పోటీ రోజు ఎవడూ ముందుకి రాలేదు. మలుపులో తిరిగి చూస్తే అందరూ తమ్ముడి వెనకే గుంపుగా ఉన్నారు. నీడకి ఆసరా ఇవ్వకూడదని కూడబలుక్కున్నట్టున్నారు. ఎప్పుడూ తప్పుకునే చోటు వచ్చింది, పోయింది. నేను తప్పుకోలేదు. ఇంకో చుట్టు లాగాను. ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది, కాళ్ళు నావి కావు. మాస్టారు అంచున నిలబడి తప్పుకోమని అరుస్తున్నారు. నిజమే, నేను నెమ్మదిస్తే వాడూ నెమ్మదిస్తాడు, గెలుపు వెనకవాళ్ళకి నేనే అప్పజెప్పినట్టు. అడ్డాలు కనిపిస్తున్నాయన్నాడు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. అలవాటు ప్రకారం ఎడమచెయ్యి పక్కకి చాపి సైగ చేసి, గడ్డి మీదికి దిగిపోయాను.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగానో లేదో, వెనకనుంచి ఎవరో వచ్చి గుద్దుకున్నారు. ఇద్దరం పడ్డాం. మా తమ్ముడు.

గుంపు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. జనంలో ఎవరో నవ్వారు. పరుగు మధ్యలో ట్రాక్ దిగినవాడికి ఆ పోటీ అయిపోయినట్టే. తమ్ముడు లేచి, కాలితో నేలని తడిమి చూశాడు.

"ఇది గడ్డి కదన్నా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశాడు. కొట్టడానికి చెయ్యెత్తాను. చెంప పక్కకి చెయ్యి వచ్చినా వాడు రెప్ప వెయ్యలేదు, తల తిప్పలేదు. నా చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"అడ్డాలు కనిపిస్తున్నాయన్నావు కదరా."

"నీ వీపు కనిపిస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు అదొక్కటే. అది ఎగిరితే ఎగురుతున్నా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నా ముందు పరిగెత్తవుగా."

నిజమే, పరిగెత్తేవాణ్ణి కాదు. నా వెనక దిగకుండా ట్రాక్ మీదే పోయుంటే నీళ్ళ గుంట దగ్గర కాలు విరగ్గొట్టుకునేవాడన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు. మాస్టారు మావైపు పరిగెత్తుకొస్తున్నారు. వాడు ట్రాక్ వైపు చెవి పెట్టి, ఎవరు ముందున్నారని అడిగాడు. నేను చూడలేదు. ఎవడో ఒకడులే, పద అన్నాను.

వాడి చెయ్యి తీసుకుని నా భుజం మీద వేసుకున్నాను. బయటికి పోయే దారిలో సిమెంటు మెట్టు ఒకటుంది, జానెడెత్తు కూడా ఉండదు.

"మెట్టుందిరా, కాలెత్తు" అన్నాను.

ఎంత ఎత్తని అడగలేదు. మా తమ్ముడు మోకాలు ఛాతీదాకా లేపాడు.