సిద్ధాంతి గారి కంప్యూటర్ ఇంకా లేవలేదు

నేను ఒక కంప్యూటర్‌ని. పాలకొల్లులో పంచాంగం కామేశం గారి బల్ల మీద కుంకుమ బొట్టు పెట్టుకుని కూర్చున్న కంప్యూటర్‌ని. దసరాకి బొట్టు పెట్టించుకున్న కంప్యూటర్లు ఊరినిండా ఉంటాయి గానీ, కుదిరిపోయిన పెళ్లిని ఆపిన కంప్యూటర్ మీకు ఇంకెక్కడా దొరకదు. అందుకే కాస్త గొప్పలు చెప్పుకుంటాను, విసుక్కోకండి.

నాకు ఫలానా కంపెనీ అని చెప్పుకునే ఇంటిపేరు లేదు. విజయవాడలో ఒక ఇరుకు సందులో, ఏ దేశం నుంచో వచ్చిన మదర్‌బోర్డుకి ఇంకే దేశం నుంచో వచ్చిన డిస్కుని బిగించి నన్ను నిలబెట్టారు. మొదట భీమవరంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌వాళ్లు కొనుక్కున్నారు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజున అక్కడ నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. "ఇదెప్పుడు లేస్తాదిరా బాబూ" అని నా నెత్తిన మొట్టినవాళ్లే, పాసయ్యామని తెలియగానే నన్ను ముద్దు పెట్టుకునేవారు. మనుషుల సంగతి నాకు అక్కడే బోధపడింది. ఆ సెంటర్ మూసేశాక కామేశం గారి బావమరిది ఫణి నన్ను ఆటోలో వేసుకొచ్చి ఆయనకు అప్పజెప్పాడు.

అప్పట్లో నేను నిద్ర లేవడం పెద్ద తతంగం. కామేశం గారు మీట నొక్కి వినాయకుడి శ్లోకం చదివేవారు. శ్లోకం అయిపోయేది, ఆయన కాఫీ అయిపోయేది, నేను ఇంకా నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గిలుకుతూ ఉండేదాన్ని. జాతకం చూపించుకోవడానికి వచ్చినవాళ్లు ఎదుటి బల్ల మీద కూర్చుని ఏం చేస్తారు? మాట్లాడతారు. అల్లుడి సంగతి, పొలం తగాదా, తోడికోడలి నోరు, అన్నీ బయటికి వచ్చేవి. నేను లేచేసరికి కామేశం గారికి వాళ్ల కష్టం మొత్తం తెలిసిపోయేది. "అబ్బ, చూసినట్టే చెప్పారండీ" అని దణ్ణాలు పెట్టి వెళ్లేవారు. ఆయన్ని మోసగాడనుకునేరు, కాదు. గ్రహాల లెక్క ఆయనకు క్షుణ్ణంగా వచ్చు. కాకపోతే ఆయన పేరు నలుదిక్కులా పాకడంలో నా బద్ధకానికి కూడా వాటా ఉంది.

ఈ సంగతి ఆయనకూ తెలియదు, ఫణికీ తెలియదు. ఒకనాడు ఫణి, "బావగారూ, ఇంకా ఈ ముసలి నడకేంటండీ" అంటూ కొత్త డిస్కూ, కొత్త ఆపరేటింగ్ సిస్టమూ పట్టుకొచ్చాడు. కామేశం గారు పంచాంగం తిరగేసి దశమి ఘడియల్లో వేయమన్నారు.

"ఇది గృహప్రవేశం కాదండీ బాబూ!"

"ఏవైతేనేం, కొత్త కాపురమేగా. కానియ్."

అలా మంచి ముహూర్తంలో నాకు కొత్త ప్రాణం వచ్చింది. మీట నొక్కీ నొక్కకముందే లేచి కూర్చునేదాన్ని. నా వేగం చూసి నాకే గర్వంగా ఉండేది. పాపం, కామేశం గారికే అంతా అయోమయం. తెర మూలన ఉండాల్సిన బొమ్మ మధ్యకొచ్చింది. వినాయకుడి పటం ఉన్నచోట ఎవరివో మంచుకొండలు వెలిశాయి. పాస్‌వర్డ్ పెట్టుకోమంటే పెట్టుకుని, ఒక్కో అక్షరం వీధిలోకి వినపడేలా చదువుతూ కొట్టేవారు.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే వచ్చింది. జనం ఇలా కూర్చునేవారు, నేను అలా కాగితం అచ్చేసి చేతిలో పెట్టేదాన్ని. ఎవరూ నోరు విప్పే వ్యవధే లేదు. కామేశం గారు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేవారు. పిల్లలు పుట్టలేదని ఏడ్చే మనిషికి విదేశీయానం ఉందని చెప్పారు. "ఈమధ్య సిద్ధాంతి గారి మాట తగలట్లేదు" అని ఊళ్లో అనుకోవడం మొదలైంది. తప్పు నాదేనని నాకు మాత్రం తెలుసు. అయినా తెలిసి చేసేదేముంది!

అలాంటి రోజుల్లో కొబ్బరి వ్యాపారం సూర్రావు తన కూతురు ఝాన్సీని వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లి మాటలు అయిపోయాయి. పొంతన ఒకసారి చూసి, అక్కడికక్కడే ముహూర్తం పెట్టించుకుని వెళ్లిపోవాలి. కామేశం గారు మీట నొక్కారు. నేను లేచేదాన్నే. సరిగ్గా అప్పుడే కొత్త సిస్టమ్ అడ్డం పడింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

చక్రం తిరుగుతూనే ఉంది. ఊరికే కూర్చోలేక కామేశం గారు, "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అన్నారు.

"నర్సాపురం ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేత్తాదండి. ఇంక మానేత్తాదండి. పెళ్లయ్యాక ఉద్యోగం వద్దన్నారండి మొగపెళ్లివారు."

ఝాన్సీ కిటికీ వైపు చూస్తోంది. సూర్రావు కాసేపు తువ్వాలు నలిపి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పాలంటే నాకే మనసొప్పట్లేదండి. ఆ పనంటే దీనికి పేణం. కానీ సంబంధం దీనికి నచ్చింది కదాని నోరు మూసుకున్నానండి."

"నాకెక్కడ నచ్చింది నాన్నా?" ఝాన్సీ గిరుక్కున తిరిగింది. "నువ్వు మాటిచ్చేశావని ఊరుకున్నాను."

ఒకే ఇంట్లో, ఒకే కంచాల వరసలో కూర్చుని తిన్న మనుషులు. ఈ ముక్క చెప్పుకోవడానికి వాళ్లకు నా ఆలస్యం కావలసి వచ్చింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంటే నాకు దుఃఖం వచ్చింది.

చివరికి నేను లేచి పొంతన అచ్చేశాను. ముప్పై ఆరుకి ముప్పై గుణాలు! దివ్యమైన పొంతన. కామేశం గారు ఆ కాగితాన్ని ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"సూర్రావు గారూ, ఈ జాతకాలు కుదరవని సిద్ధాంతి చెప్పాడని వాళ్లతో అనండి. మీ మాట పోదు. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటారు."

సూర్రావు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. నా లెక్కను అబద్ధం చేశారని నాకు క్షణం పాటు పౌరుషం వచ్చిన మాట నిజం. కానీ గుమ్మం దాటుతూ ఝాన్సీ తండ్రి భుజం మీద చెయ్యి వెయ్యడం చూశాక అది కాస్తా దిగిపోయింది.

మర్నాడు కామేశం గారు ఫణితో ఏమీ చెప్పలేదు. నన్ను మార్చమనీ అనలేదు. ఎవరైనా వస్తే నా మీట నొక్కుతారు, తెర మీట మాత్రం నొక్కరు. నేను ఎప్పుడో లేచి, చీకటి తెర వెనక, ఆయన తంటాలు పడి మళ్లీ తెచ్చుకున్న వినాయకుడి పటం పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఈ జిల్లాలో నాకన్నా వేగంగా లేచేది ఇంకోటి లేదు. ఆయన మాత్రం కాఫీ గ్లాసు అందుకుని, ఎదుట కూర్చున్నవాళ్లతో ఎంతో తీరిగ్గా అంటారు:

"పాత యంత్రమండీ, ఇంకా లేవలేదు. ఈలోగా మీరు చెప్పండి."