మగ్గపుటింటి ముదుసలి యంత్రము

"ఈ పొద్దు దాని కడుపు విప్పద్దు పాపా. విప్పినాక అది మళ్లా కన్ను తెరవకపోతే మీ నాయన మొగం నేనెట్ల చూసేది?"

ఓబులమ్మ యిట్లు పలుకునప్పటికి ధర్మవరమున ఆ యింట నింకను నేమియు జరిగియుండలేదు. ఆషాఢమాసపు మేఘములు పడమటి కొండలపై నొక్క చినుకైన రాల్పక ఆశమాత్రము చూపి తూర్పునకు తరలిపోవుచుండెను. వాని వెంట బయలుదేఱిన పెనుగాలి వీధులలోని యెఱ్ఱదుమ్మును గిరగిర త్రిప్పి వాకిళ్లయందలి ముగ్గులను చెఱిపి పట్టునూలు చిలపలారవైచిన దండెముల నూచి తలుపుసందులలో దూఱి ఈలవేయుచుండెను. ఇరుగుపొరుగు మగ్గముల టకటకారావము ఆ గాలితో పందెము వైచికొని వినవచ్చుచుండగా ఆమె మగడు చౌడప్ప యింటి మగ్గమొక్కటి మాత్రము క్రొత్తపడుగును మోసికొని అట్టలు రాక పేక పడక గొంతున మాట యిఱుకుకొన్న మనుష్యునివలె నూరకుండెను.

కొంగుమీద నే పూవు విచ్చుకొనవలయునో యే హంస మెడ వంపవలయునో మగ్గమునకు తెలియుట రంధ్రములు పొడిచిన యట్టలవలననే కదా. ఆ రంధ్రములను పొడుచు యంత్రమునకు ఆజ్ఞలిచ్చునది నడవమూల బల్లపై నాసీనమైయున్న కంప్యూటరు. వారి కూతురు ఈశ్వరి పుట్టిన సంవత్సరమున పాలమీగడ వన్నెతో ఆ యింట నడుగిడి కాలక్రమమున అరగదీసిన చందనపుచెక్క వన్నెకు దిగి బొజ్జ వెలికివచ్చిన గాజుతెరతో ఇల్లు కదలని పెద్దముత్తైదువవలె నది యచ్చట కాపురముండెను. దాని గర్భమున తిరుగు హార్డుడిస్కు కొంతకాలముగా ఉబ్బసరోగివలె గరగర మొఱలిడుచుండెను. ఇక దాని ఆపరేటింగు సిస్టమో డిస్కుకంటెను మొండిది. ఫ్లాపీలను తప్ప మఱి దేనిని చేరనీయదు. పెన్ డ్రైవు తగిలించినచో పరాయిబిడ్డను చూచిన పెంకి ముసలిదానివలె ముఖము త్రిప్పికొనును. ఫ్లాపీలు బజారున దొరకుట మాని చాలకాలమైనందున ఆ డిస్కులోని డిజైనులు బయటికి వచ్చు దారి లేక చెఱలోనున్నట్లుండెను.

ఆ డిజైనులన్నియు చౌడప్ప గీసినవి. కన్నులకు మసక క్రమ్మినది మొదలు అతడు గీయుట మానెను. పోయినచో మరల గీయలేడు. ఆ కొంగుల పేరుమీదనే ఆ యింట సొంతమగ్గము నిలిచియుండెను. అవి లేనినాడు ఒరుల డిజైనులను ఒరుల మగ్గములపై కూలికి నేయవలసినదే. ఇది యింటనున్న మువ్వురును ఎఱిగినదే గాని నోరు విడిచి యెవ్వరును పలుకరైరి.

పాలిటెక్నికు చదివి యింటికి వచ్చి డిజైనుపని తన చేతికెత్తికొన్న యీశ్వరి అనంతపురమునకు పోయి అఱచేతిలో నిముడు క్రొత్తడ్రైవు నొకదానిని, దానిని పాతయంత్రమునకు తగిలించు అతుకుబిళ్లను ఆ ముసలియంత్రము మోయగలిగినంత మాత్రమే క్రొత్తదైన సిస్టమును సంపాదించి తెచ్చెను. ఇది విని చౌడప్ప ముందునాడొక్క మాట యనెను. "నడుస్తాండే బండికి ఇరుసు మార్చరు." అంతే. ఆ తరువాత నతడు నోరు విప్పలేదు. నాటి యుదయమున మగ్గపుగుంతలో కాళ్లు వ్రేలవైచికొని నడవకు వీపు చూపి కూర్చుండి నేయుటకు పనిలేని చేతులతో పడుగుపోగులను తడవుచుండెను.

ఓబులమ్మ స్వభావము ఊరెఱిగినదే. బస్సు ఆలస్యమైనచో బోల్తాపడినదనియు ఫోను మ్రోగినచో ఎవరో పోయినారనియు మ్రోగకున్నచో పోయినమాట తనకు దాచుచున్నారనియు తలచునది. అట్టిదానికి కూతురు స్క్రూడ్రైవరు చేతబట్టుట శస్త్రవైద్యుడు కత్తి పట్టుటకంటె నెక్కువ గుండెదడ పుట్టించెను.

స్క్రూలు విప్పి లోపలి దుమ్మును కుంచెతో దులిపి యీశ్వరి అతుకుబిళ్లకై సంచి వెదకుచు లోపలిగదికి పోయినంతట ఓబులమ్మకు చప్పున నొక లోపము స్ఫురించెను. ఆ యింట మగ్గమైనను నాడెయైనను మిక్సీయైనను స్కూటరైనను పసుపుకుంకుమలు తాకక పనికి దిగినది లేదు. వీరందఱ బ్రతుకును మోయబోవు ఈ నల్లని క్రొత్తడ్రైవునకు మాత్రము బొట్టైన లేదు. ఆమె దానిని చేతికి తీసికొని అటునిటు త్రిప్పి చూచెను. నాలుగువైపుల నునుపే గాని కన్నులేదు ముక్కులేదు. ఒక యంచున మాత్రము సన్నని బంగారుపళ్లు వరుసగా తళుక్కుమనుచుండెను. పళ్లున్న దిక్కే ముఖమని నిశ్చయించి ఇలవేలుపు చౌడేశ్వరిని తలచికొని తడిపసుపు ఆ పళ్లకు పులిమి పైన కుంకుమబొట్టు తీర్చెను. అంతలో కూతురి యడుగుల చప్పుడైనంతట తిట్లకు వెఱచి కొంగుతో కుంకుమను తుడిచివైచెను. పసుపుమాత్రము బంగారముతో వన్నెగలిసి యెవరి కంటికిని అగపడక నిలిచిపోయెను.

ఈశ్వరి పాతడిస్కును విప్పి ప్రక్కన పెట్టి క్రొత్తదానిని బిగించి స్విచ్చు వైచెను. గాజుతెర మినుకుమినుకుమని చాలసేపు తడబడి తుదకు డిస్కేదియు లేదని తెల్లని యక్షరములతో చాటెను. ఆమె తీగను విప్పి మరల బిగించెను. లేదనెను. అతుకుబిళ్లను తలక్రిందు చేసి చూచెను. లేదనెను. పాతడిస్కును మరల తగిలించి చూడగా అది ప్రాణము పోవునట్లు మూల్గి మూల్గి యెట్టకేలకు లేచెను. యంత్రము బాగుగనే యున్నదన్నమాట. ముసలిడిస్కును మేల్కొల్పిన ప్రతిమాఱును దాని యాయువు తఱుగుచున్నదని యీశ్వరికి తెలియును. అందువలన దానిని మరల నార్పి క్రొత్తదానితో పెనగులాడ మొదలిడెను. తెర లేదనుచునే యుండెను. ఫ్యాను తిప్పినచో దుమ్ము తిప్పకున్నచో చెమట. ముంగురులు నుదుట నంటుకొని పెదవి పంటిక్రింద నలిగి యామె మంచినీళ్లైన ముట్టలేదు. అన్నము చల్లారెను. రెండవమాఱు వేడిచేసిన అన్నమును చల్లారెను.

చూచి చూచి ఓబులమ్మ గుప్పెట నుప్పును ఎండుమిరపకాయలను తెచ్చి తెఱచియున్న యంత్రముచుట్టు దిష్టితీయ మొదలిడెను. ఒకటిరెండు ఉప్పుకల్లులు లోపల రాలెను.

"మా, దండం పెడతా. దానికి దిష్టి లేదు, డిస్కే లేదంటాంది. ఆ ఉప్పు లోపల పడితే ఉన్నది గూడా ఉండదు" అని యీశ్వరి పండ్లు కొఱికి పట్టకారుతో నొక్కొక్క కల్లును ఏఱి తీసెను.

మగ్గపుగుంత నుండి యొక దగ్గైనను వినరాలేదు. ఆ మౌనము ఓబులమ్మ వీపుపై కాలినపెనమువలె చుఱచుఱలాడుచుండెను. అతడు తిట్టినను బాగుండును. ఈ దినముతో తండ్రి కూతురితో మాటాడుట మానునేమో, కూతురు అలిగి యిల్లు విడుచునేమో, మగ్గమును కొనుటకు బేరగాండ్రు వాకిట నిలుతురేమో యని యామె మనస్సు పడమటిగాలికంటె వేగముగా కీడునుండి కీడునకు పరుగిడుచుండెను.

తుదకు విసిగి వేసారి యీశ్వరి డ్రైవును అమ్మిన యంగడివానికి ఫోనుచేసి పాడైన సరుకు నంటగట్టినాడని దులిపివైచెను. అతడు తాను అమ్మునాడు ఆమె కన్నులయెదుటనే దానిని నడిపి చూపితిననియు ఎందుకైనను మంచిది బంగారుపళ్లకు మురికి పట్టినదేమో చూడుమనియు శాంతముగానే చెప్పెను. "కొత్తదానికి మురికి ఎట్లొస్తాదన్నా? మోసం చేసి మళ్లా నాకు పాఠాలు చెప్తావా?" అని యీశ్వరి గొంతు పెంచెను.

ఫోనునుండి పైకి వినవచ్చిన ఆ బంగారుపళ్ల మాట ఓబులమ్మ చెవిని పడెను. కొంతసేపు ఆమె వంటింటి గడపను పట్టుకొని నిలిచెను. చెప్పినచో కూతురు తన్ను క్షమింపదు. చెప్పకున్నచో ఎవరో కన్న బిడ్డ, ఏ పాపమెఱుగనివాడు, మోసగాడై పోవుచున్నాడు. ఆ తల్లి యుసుఱు తనకు తగులును. కీడులను తూచి యెంచుటలో ఆరితేఱిన యామెకు ఈ రెంటిలో రెండవది పెద్దదిగా తోచినందున దగ్గఱకు వచ్చి కూతురి చేతిలోని ఫోనును మెల్లగా క్రిందికి వంచి జరిగినది జరిగినట్లు చెప్పెను.

ఈశ్వరి డ్రైవును విప్పి వెలుతురున కెత్తి పళ్లను గోటితో గీఱగా పచ్చనిపొడి రాలెను.

"బొట్టు మొగానికి పెడతారు గానీ నోట్లో పెడతారా మా?"

"దాని మొగం యాడుండాదో నాకెట్ల తెలుస్తాది" అని ఓబులమ్మ గొణిగెను.

గ్రాఫుకాగితముపై గీతలు చెఱుపు రబ్బరుముక్కతో ఈశ్వరి ఆ పళ్లను ఒక్కొక్కటే తోమెను. పిమ్మట అంగడివానికి మరల ఫోనుచేసి తప్పు తమ యింటిదేయని యొప్పుకొని సిగ్గుతో పెట్టివైచెను. డ్రైవును బిగించి స్విచ్చు వైవగా తెర యొకింత తటపటాయించి డిస్కున్నదనెను. ఓబులమ్మ చేతులు జోడింపబోయి దేనికి మ్రొక్కిన నేమి చెడునోయని వానిని కొంగుచాటున దాచుకొనెను.

క్రొత్తసిస్టము ఎక్కుట ముసలమ్మ మెట్లెక్కుటవలె నుండెను. పట్టీ యొకటి తెరపై నెడమనుండి కుడికి ప్రాకుచు నడుమ ఆగుచు మరల ప్రాకుచు తల్లీకూతుండ్ర ప్రాణములు తోడుచు పొద్దు వాలువేళకు ముగిసెను. అప్పుడు ఈశ్వరి పాతడిస్కును ప్రక్కతీగకు తగిలించి దానిలోని డిజైనులను క్రొత్తదానిలోనికి దింప మొదలిడెను. గరగర మని కాలుదువ్వుచు ముసలిడిస్కు తన సొత్తును ఒక్కొక్కటిగా విడిచిపెట్టుచుండెను. మల్లెమొగ్గల కొంగు దిగెను. గండభేరుండము దిగెను. ఏనుగుల బారు దిగెను. అన్నియు దాదాపు దిగెనని యూపిరి పీల్చుకొనునంతలో పళ్లు నూఱినట్లు వికృతమైన చప్పుడొకటి చేసి అది నిలిచిపోయెను. ఎంత పిలిచినను మరల పలుకలేదు.

దిగినవానిని పోల్చి చూడగా ఒక్కటి తక్కువయ్యెను. చౌడప్ప మొట్టమొదట గీసినది. ఆ యింటికి బజారున పేరు తెచ్చినది. చిలుకకొంగు.

ఈశ్వరి తెరవంకనే చూచుచు మగ్గమెదురుచూచుచున్న హంసకొంగు డిజైనును తెఱచి పొడుపుయంత్రమునకు ఆజ్ఞ నిచ్చెను. క్రొత్తసిస్టము మాటను ఆ పాతయంత్రము వినునో వినదో యను భయమింకను మిగిలియుండెను. అది వినెను. టపటప మని యట్టలపై రంధ్రములు పడసాగెను. ఆ చప్పుడు నడవ నిండెను. మగ్గపుగుంత వఱకు ప్రాకెను. అయినను చౌడప్ప వెనుదిరిగి చూడలేదు.

"చిలక పోయిందని చెప్పద్దు పాపా" అని తల్లి కూతురి మోచేయి పట్టుకొనెను. అతనికి రక్తపోటున్నదనియు ఈ మాట వినినచో కూర్చున్నచోటనే కూలుననియు చెప్పవలసినచో రాబోవు శ్రావణపు పండుగ గడచినపిమ్మట చెప్పవచ్చుననియు పరిపరివిధముల బ్రతిమాలెను. ఈశ్వరి వినలేదు. తాను దాచి మఱొకనాడు అతడే అడిగినచో అంతకంటె ద్రోహము లేదని చెప్పి వేడి యాఱని యట్టలదొంతరను చేతబట్టుకొని పోయి మగ్గముకడ నిలిచెను. ఓబులమ్మ వెనుకనే పోయి తలుపుచాటున నిలిచెను.

"నాయనా, అట్టలు వచ్చినాయి. నీ డిజైన్లన్నీ వచ్చినాయి, ఒగటి తప్ప. చిలకకొంగు రాలేదు. పాత డిస్కు దాన్ని పట్టుకొనే పోయింది. తప్పు నాది. నువ్వు కూర్చోని చెప్తే నేను గీస్తా."

చౌడప్ప చేయి పడుగుపై నట్లే నిలిచెను. గాలి తగ్గియుండెను. పొరుగుమగ్గములు పొద్దుగ్రుంకువేళకు ఒకటివెంట నొకటి యాగిపోయినందున వీధి యెన్నడును లేనంత నిశ్శబ్దమాయెను. ఓబులమ్మ అతని వీపువంక చూచుచు అది ముందునకు వాలుచున్నదో లేదో కనిపెట్టుచు వైద్యుని పిలుచుటకు ఏ యాటోను కేకవేయవలయునో కూడ తలచి యుంచికొనెను. దీపము వెలిగించువేళ దాటుచున్నను ఆమెకు కాలు కదలలేదు. అంతలో నతడు పోగులను వదలి వీపు త్రిప్పకయే యట్టలకొఱకు చేయి వెనుకకు చాచెను.

"ఈ తూరి ముక్కు పైకెత్తి పెట్టు పాపా. నేను తల వంచుకొని గింజలేరుతాండేట్ల గీసినా. జనం మెచ్చినారని ఊకున్నా గానీ, అది నాకు ఏ పొద్దూ నచ్చలేదు."