కనేలా వాటా

తోటలో ఏది కోసినా ఆ ఇంట్లో పంపకాలు మాటల్లేకుండానే జరిగిపోయేవి. క్యారెట్ దుంప వంటింటికి, దాని ఆకు కుందేళ్ళకి. లెట్యూస్ లోపలి లేత ఆకులు తండ్రీకూతుళ్ళకి, పైన ముదురువి వాటికి. కొత్తిమీర, పార్స్లీ చెరిసగం. బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు మాత్రం తండ్రి ఎలియోదోరో గోడవతల పారేసేవాడు. "విషం. చెవులపిల్లులకి పడదు" అనేవాడు ప్రతిసారీ, ఎవరో అడిగినట్టు.

కూతురి పేరు మరిచిపోయాక కూడా ఆయన ఇది మరిచిపోలేదు. కూతురు లిగియాని కొన్నాళ్ళపాటు, చనిపోయిన భార్య పేరుతో పిలిచాడు. ఆ తర్వాత "అమ్మా, మీరెవరండీ" అనడం మొదలుపెట్టాడు. కానీ మడి దగ్గర కూర్చోబెడితే చాలు, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. బొయాకా కొండల్లో నేల మంచుకు బిగుసుకున్న ఉదయాల్లో కూడా, ఉన్ని రువానా మెడదాకా కప్పుకుని కలుపు ఏరేవాడు.

ఒకప్పుడు ఆయన కుందేళ్ళని పెంచింది కోతకే. ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఆయన దగ్గరే కొనేవాళ్ళు. చెయ్యి పడిందంటే ఒక్కటే దెబ్బ. లిగియా చిన్నప్పుడు ఆమె పుట్టినరోజు వచ్చిందంటే ఉల్లికాడలు వేసి, బీరు పోసి కుందేలు కూర స్వయంగా వండేవాడు. భార్య పోయిన ఏడాది ఒక్కటి తప్ప బోనులన్నీ అమ్మేశాడు. చివర్న మిగిలిన రెండు పిల్లల్ని ఎవరూ కోయమనలేదు, ఆయనా కోయలేదు. దాల్చినచెక్క రంగుదానికి కనేలా అనీ, బూడిదరంగుదానికి మోతా అనీ పేర్లు పడ్డాయి. పొద్దువాలితే కనేలా ఆయన ఒళ్ళో చేరేది.

ఆ రోజు లిగియా, తండ్రి మీద ఓ కన్నేసి ఉంచమని పక్కింటి డోన్యా ఎర్మెన్సియాకి చెప్పి, మందుల కోసం పట్నం బస్సెక్కింది. ఆ రోజుతో తనకి యాభై ఏళ్ళు నిండాయని దారిలో గుర్తొచ్చింది. తిరిగొచ్చేసరికి వీధి మలుపులోనే కూర వాసన తగిలింది. పొరుగింటిదేమో అనుకుంది. సొంత గుమ్మంలోకి వచ్చాక తెలిసింది, అది తమ వంటింట్లోంచే.

బల్లమీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. ఎలియోదోరో నున్నగా గడ్డం గీసుకుని, తల తడిపి దువ్వుకుని నిలబడి ఉన్నాడు.

"వచ్చావా లిగియా తల్లీ! ఎంతసేపే, చల్లారిపోతోంది. కూర్చో. పుట్టినరోజు పిల్ల నిలబడకూడదు."

ఏడాదిగా ఆయన నోట ఆ పేరు వినలేదు.

"ఏం వండారు నాన్నా?"

"ఇంకేం వండుతానే, నీకిష్టమైందే! బాగా కండపట్టినదాన్ని చూసి మరీ పట్టాను. నా చెయ్యి ఇంకా పోలేదు."

కిటికీలోంచి చూసింది. తీగ మీద దాల్చినచెక్క రంగు తోలు, ఎక్కడా చిరుగు లేకుండా, ఆరేసి ఉంది. బోనులో మోతా ఒక మూలకి ఒదిగిపోయింది.

అరవాలనిపించింది. అరిస్తే ఆ పిలుపు మళ్ళీ ఎక్కడికి పోతుందోనని భయమేసింది. కూర్చుంది. ఆయన తొడముక్క వేసి, పైన కొత్తిమీర చల్లి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది నాన్నా."

"మరి తినవేం? చిన్నప్పుడు గిన్నె నాకేసేదానివి."

తిన్నది. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతూ, ఎముక మిగిలేదాకా తిన్నది. ఆయన ఆమె నుదుటి మీద శిలువ గుర్తు వేసి దీవించాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గుప్పెడు క్యారెట్ ఆకు పట్టుకుని పెరడంతా తిరుగుతున్నాడు. "కనేలా! ఎక్కడ దూరావే దొంగపిల్లా?" లిగియాని చూసి ఆగాడు. "అమ్మా, మా ఎర్రదాన్ని గానీ చూశారా? బోనులో లేదు."

నిన్న ఆపుకున్న అరుపు ఆమె నోట ఒక్కసారి బయటికొచ్చింది. "మీరే చంపారు! మీ చేత్తో కోసి నాకు వండిపెట్టారు, నిన్న!"

ఆకు జారి కిందపడింది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. మడిగట్టు మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. లిగియా పక్కన కూర్చుని పట్టుకుంది. మధ్యాహ్నానికి ఆయన అంతా మరిచిపోయాడు. సాయంత్రం మళ్ళీ గుప్పెడు ఆకుతో వచ్చాడు.

"అమ్మా, మా ఎర్రదాన్ని చూశారా?"

"ఎక్కడో పడుకునుంటుంది నాన్నా. ఇవాళ్టికి మోతాకి పెట్టండి."

ఎర్మెన్సియా సంగతి విని గుండెల మీద చెయ్యేసుకుంది. "నేను ఇంట్లోనే ఉన్నానే, చిన్న అలికిడి కూడా వినపడలేదు! ఆ రెండోదాన్ని నాకిచ్చెయ్. ఆయన్ని మఠకన్యలు నడిపే వృద్ధాశ్రమంలో చేర్పించు. ఎన్నాళ్ళని కాపలా కాస్తావే?"

"కత్తులు దాచేశాను పిన్నీ. ఇకమీదట పట్నం వెళ్తే ఆయన్నీ తీసుకెళ్తాను. మోతా కూడా పోతే, ఆయన మంచం దిగి మడి దగ్గరికి ఎవరి కోసం వెళ్తారు?"

వానలు పడ్డాక ఇద్దరూ ముల్లంగి, బీట్‌రూట్ విత్తారు. మోతా ఒక్కదానికే అయితే ఆకు ఎక్కువైపోయేది. మిగిలింది లిగియా సూపులో వేసేది. ఆయన కనేలా గురించి అడగడం తగ్గింది. తర్వాత మానేశాడు. మొదట్లో ఆమెకి ప్రాణం తేలికపడినట్టయింది. కొన్నాళ్ళకి, ఆ ప్రశ్న కోసం తానే ఎదురుచూస్తోందని తెలిసొచ్చింది. ఇక ఆ జీవిని తలుచుకునేది తనొక్కతే.

ఒక మధ్యాహ్నం అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తూ ఆమే ఆ మాట ఎత్తింది.

"నాన్నా, కనేలా గుర్తుందా?"

"ఎవరమ్మా?"

చెప్పింది. దాని ఒంటి రంగు, వాలిపోయిన ఒక చెవి, పార్స్లీ కనబడితే చాలు వెనక్కాళ్ళ మీద లేచి నిలబడటం, ఆయన రువానాలో ముక్కు దూర్చి నిద్రపోవడం. ఆయన ఒలవడం ఆపి, చంటిపిల్లాడు కథ విన్నట్టు విన్నాడు.

"మంచి కుందేలే పాపం. ఏమైంది దానికి?"

లిగియా చేతిలోని కాయ చీల్చి గింజలు గిన్నెలో వేసింది.

"ముసలిదైపోయింది నాన్నా. మీ ఒళ్ళోనే కన్నుమూసింది. మీరు నిమురుతూనే ఉన్నారు."

ఆయన కాసేపు తన ఒడిలోకి చూసుకున్నాడు. తర్వాత ఇంకో కాయ అందుకున్నాడు.