నల్లమద్ది మీద సుద్దముక్క రాత

అరగంట నుంచి కూర్చున్నాం. వాగు ఒడ్డుకు ఒక్క పిట్టా రాలేదు. వేదశ్రీ టీచర్ బైనాక్యులర్ దించకుండా పొదల వైపే చూస్తోంది. మంథని నుంచి ఈ చలిలో, మంకీ క్యాప్ పెట్టుకుని స్కూటీ మీద వచ్చింది పాపం. నాకు తల కొట్టేసినట్టుంది.

"కాకా, మీరు చూసింది పచ్చ జీనువాయేనా? మామూలు జీనువాయిలు చానా ఉంటయి గదా, పొరపాటు పడ్డరేమో."

నాకు చర్రున కోపం వచ్చింది. గోదావరిఖని బొగ్గుబాయిలో ఇరవయ్యారేళ్లు ల్యాంపు వెలుతురులో పైకప్పు పగుళ్లు వెతికిన కళ్లివి. పట్టపగలు పిట్టను పోల్చుకోలేవా?

"ఎర్ర ముక్కు, పచ్చటి ఈపు, పసుప్పచ్చ కడుపు, పక్కలకు నల్లతెల్ల చారలు. పదకొండున్నయి మేడమ్. మూడు చలికాలాల సంది చూస్తున్న. పొద్దుగాల్ల గీ చెలిమె కాడ నీళ్లు తాగక పోవు."

నిజానికి ఆవిడ తప్పేం లేదు. నా ఫోనులో తీసిన ఫొటోలో ఆకేదో పిట్టేదో నాకే తెలియదు. ఈ రోజు ఆవిడ తన కెమెరాతో ఫొటో తీస్తే, అది ఫారెస్టు వాళ్లకు చూపించి ఈ అడవిముక్కకు కాపలా పెట్టించాలని మా ఇద్దరి ఆశ. వల వేసి పట్టి పంజరాల్లో అమ్మేసే పిట్ట ఇది. అందుకే మూడేళ్లు నోరు కుట్టేసుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఒక్క రఘుపతికి తప్ప.

రఘుపతి నాలాగే మైనింగ్ సర్దార్. బాయిలో కూలీలు పనిలోకి దిగేముందు కర్రతో కప్పు కొట్టి, చప్పుడు విని, ఊడి పడేలా ఉందో లేదో తేల్చడం మా పని. బాగుంటే అక్కడే సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెడతాం. షిఫ్టులు ఎన్ని మారినా పదిహేనేళ్లుగా అతని షిఫ్టు వెనకే నాది. నేనూ మళ్లీ కొట్టి చూస్తాను, అది రూలు. కానీ ఆ కప్పు కిందికి మొదటి అడుగు వేసేది అతని సంతకాన్ని నమ్మే. అలాంటివాడికి పిట్టల సంగతి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను?

ఈ రోజు వెంట వచ్చిందీ, అందరికంటే హడావుడిగా వెతుకుతున్నదీ అతనే.

"కొమురెల్లన్నా, గాడ పొదల్ల సూడు, ఏదో కదిలింది!"

పరుగెత్తి చూస్తే తొండ. టీచరమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"పోయిన చలికాలం నువ్వు చూపించినంక నేన్ మళ్ల రానే లేదన్నా. జాగ మార్సినయేమో," అన్నాడు రఘుపతి. వచ్చేటప్పుడు బండి మీద కూడా ఇదే మాట రెండుసార్లు అన్నాడు.

ఇక ఉండబట్టలేక చెలిమె దగ్గరికి దిగాను. ఇసుకంతా తొక్కేసి ఉంది. ఎవరో చల్లిన కొర్రలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. అటు రెండు, ఇటు రెండు మేకులు దిగ్గొట్టిన గుంతలు. మధ్యలో ఇసుకకు అంటుకుని చిన్న పచ్చ ఈకలు. వల వేశారు. నేను అక్కడే చతికిలబడ్డాను. టీచరమ్మ ఒక ఈక తీసి అరచేతిలో పెట్టుకుంది.

తలెత్తి ఒడ్డు వైపు చూసి అడిగింది. "ఈ చెట్టు మీద రాతలేంది కాకా?"

ఒడ్డున ఉన్న నల్లమద్ది అది. పిట్టలు కనబడ్డ రోజల్లా దాని మానుకు వాన తగలని వంపులో సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టేవాణ్ని. డ్యూటీ అలవాటు.

"నేనే రాసిన మేడమ్. పిట్టలు బాగున్నయని."

"మరి కింద రెండో సంతకం ఎవరిది?"

లేచి చూశాను. నా చివరి తేదీ కింద మరో తేదీ. మొన్నటి గురువారానిది. దాని పక్కన, తోకను పొడుగ్గా లాగి పైకి తిప్పిన సంతకం. పదిహేనేళ్లుగా రోజూ డ్యూటీలో చూసే సంతకం. గురువారం పొద్దున నేను బాయిలో ఉన్నాను. అతను నైట్ షిఫ్టు దిగి బయట ఉన్నాడు.

నేను వెనక్కి తిరిగేసరికి రఘుపతి కూడా చెట్టునే చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

"రెండే పట్టుకుంటమన్నరన్నా. బజార్ల పిట్టలమ్మేటోళ్లు. వారం సంది నా ఎంట తిరిగిన్రు. మొత్తం పడ్తరని నాకు తెల్వది. ఒట్టు."

"పట్టిచ్చినవ్, సరే. సంతకమెందుకు పెట్టినవ్ర?"

"వాళ్లు వల ఏసేముందు పిట్టలెన్నున్నయో లెక్క సూశిన. నీ తేదీ కనబడ్డది. చెయ్యి ఊకోలే. అలవాటన్నా."

కొడదామనిపించింది. అంతకంటే ముందు ఏడుపొచ్చింది. టీచరమ్మ ముందు ఏడవడం ఇష్టం లేక చెట్టు వైపు తిరిగి, తువ్వాలతో నా తేదీలన్నీ ఒక్కొక్కటే తుడిచేశాను. మూడు చలికాలాల తేదీలు. అతనిది ముట్టుకోలేదు.

"అదీ తుడువన్నా," అన్నాడు రఘుపతి నీళ్లు నములుతూ. "నీ కాల్మొక్కుత."

"ఉండనీ."

బండి తాళం అతనికిచ్చి, నేను టీచరమ్మ స్కూటీ వెనక ఎక్కాను. అతను వెంట నడుస్తూ వచ్చాడు.

"అన్నా, గిదంతా పిట్టల కాన్నే ఇడిశిపెట్టు. రేపు ఫస్టు షిఫ్టు నీదే గదా? నేన్ రాత్రి అన్నీ మంచిగ సూశి సంతకం పెడ్త."

"పెట్టు. గానీ రఘుపతీ, రేపు నీ సంతకమున్న కప్పు కిందికి పోవాల్నంటే నాకు భయమైతుంది," అన్నాను.